సంఘ కానుకను నెలనెలా బ్యాంకు ద్వారా పంపడం: బెంగళూరులోని తెలుగు విశ్వాసులకు

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన కుటుంబాలలో చాలామందికి నెలాఖరు పనిదినాన జీతం పడుతుంది. పదో తేదీలోగా ఇంటి అద్దె, రుణ వాయిదాలు, పిల్లల ఫీజులు వెళ్ళిపోతాయి. సంఘానికిచ్చే దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు, మాత్రం ఆదివారం ఉదయానికి పర్సులో ఎంత నగదు ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ముందుగా తీసి పక్కన పెట్టవలసినది చివరికి మిగిలిన దానిలోంచి ఇచ్చేదిగా మారుతుంది. ఆ వరుసను సరిచేసుకోవడానికి, ప్రతినెలా దానంతటదే వెళ్ళే బ్యాంకు ఏర్పాటు బాగా ఉపయోగపడుతుంది. అయితే డబ్బు మీరు పంపుతున్నారా, అవతలివారు మీ ఖాతాలోంచి తీసుకుంటున్నారా అన్న తేడాను ముందుగా గ్రహించి, ఆ తరువాతే పద్ధతిని ఎంచుకోవాలి.

మొదట సంఘ కోశాధికారి దగ్గర ఖాతా పేరు, సంఖ్య, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ వ్రాతపూర్వకంగా తీసుకోండి. ఖాతా సంఘం పేరుతో గాని, సంఘం నమోదై ఉన్న సొసైటీ లేక ట్రస్టు పేరుతో గాని ఉండాలి. పాస్టరుగారి సొంత ఖాతాకు నెలవారీ ఏర్పాటు పెట్టవద్దు. రేపు ఎవరైనా లెక్క అడిగితే ఇబ్బంది పడేది ఆయనే. ఖాతా మారిందంటూ వాట్సాప్ గ్రూపులో సందేశం వస్తే, ఆరాధన అయిన తరువాత కోశాధికారిని ముఖాముఖి అడగనిదే మార్చవద్దు. నోటీసు బోర్డు మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసినా తెర మీద వచ్చే పేరును చదివిన తరువాతే ముందుకు వెళ్ళాలి. తొలిసారి ఒక్క రూపాయి పంపి, చేరిందన్న మాట విన్నాక మిగతా పని చేయడం మంచిది.

పద్ధతులలో నేను ముందుగా సూచించేది స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్. ఇందులో ఆదేశం ఇచ్చేది మీరే, మీ బ్యాంకుకే. నెట్ బ్యాంకింగ్‌లో సంఘ ఖాతాను చేర్చి, డబ్బు పంపే చోట నెలనెలా పంపే ఎంపికను తీసుకొని, మొత్తం, తేదీ, ఎన్ని నెలలు అన్నవి నింపితే సరిపోతుంది. ఒక బ్యాంకు నుండి మరొక బ్యాంకుకు డబ్బు పంపే ఎన్‌ఈఎఫ్‌టీ పద్ధతి 2019 డిసెంబరు నుండి రోజంతా, సెలవు దినాలలో కూడా పనిచేస్తోంది. 2020 జనవరి నుండి పొదుపు ఖాతాదారులు ఆన్‌లైన్‌లో పంపే ఎన్‌ఈఎఫ్‌టీకి రుసుము లేదు కనుక మీరు వెయ్యి పంపితే సంఘానికి వెయ్యీ చేరుతుంది.

రెండవది యూపీఐ ఆటోపే, అంటే యూపీఐ యాప్‌లో ఒకసారి అనుమతిస్తే నెలనెలా డబ్బు దానంతటదే వెళ్ళే ఏర్పాటు. ఇది 2020లో వచ్చింది. దీనికి సంఘం సాధారణంగా ఏదో ఒక చెల్లింపుల సంస్థ దగ్గర నమోదు కావలసి ఉంటుంది, ఆ సంస్థ ఎంత రుసుము పట్టుకుంటుందో కోశాధికారిని అడగాలి. తొలిసారి పిన్ కొట్టి అనుమతిస్తే, ఆ తరువాత 15,000 రూపాయల వరకు ప్రతిసారీ పిన్ అడగకుండానే వెళుతుంది. కనీసం 24 గంటల ముందు సందేశం వస్తుంది కాబట్టి ఆ నెల వద్దనుకుంటే ఆపుకోవచ్చు. మూడవది నాచ్ మాండేట్, అంటే మీ ఖాతాలోంచి క్రమంగా డబ్బు తీసుకోవడానికి మీరు సంతకం చేసి ఇచ్చే అనుమతి పత్రం. ఇందులో డబ్బు లాగేది అవతలి పక్షం. ఆ పత్రంలో గరిష్ఠ మొత్తం అన్న గడిలో మీరు ఇవ్వదలచిన దానికంటే పెద్ద అంకె వేసి ఉండవచ్చు, సంతకానికి ముందు దానిని చూసుకోవాలి. ఖాతాలో డబ్బు లేక అది వెనక్కి వెళితే చాలా బ్యాంకులు కొన్ని వందల రూపాయలు, దానిపై జీఎస్టీ వసూలు చేస్తాయి. వేలాది దాతలున్న మిషనరీ సంస్థలకు ఇది తగినదే గాని, ఉద్యోగం చేసుకుంటూ ఖాళీ సమయంలో లెక్కలు చూసే కోశాధికారి ఉన్న సంఘానికి దీని అవసరం నాకు కనిపించదు.

ఈ నగరంలో ఇలాంటి ఏర్పాట్లు ఎక్కువగా ఆగిపోయేది ఉద్యోగం మారినప్పుడు. కొత్త కంపెనీ వేరే బ్యాంకులో జీతం ఖాతా తెరుస్తుంది, పాత ఖాతాలో ఉన్నది రెండు నెలలలో కరిగిపోతుంది, ఆ మీదట వచ్చే విఫలమైందన్న సందేశాలను ఎవరూ చదవరు. జీతం రాని పాత ఖాతాను బ్యాంకు సాధారణ పొదుపు ఖాతాగా మార్చి, కనీస నిల్వ లేదని రుసుము వేసే అవకాశమూ ఉంది. అందువల్ల రాజీనామా ఇచ్చిన వారంలోనే అద్దె, వాయిదాలతో పాటు కానుక ఏర్పాటును కూడా మార్చవలసిన వాటి జాబితాలో వేసుకోవాలి. తేదీ విషయంలో, జీతం పడిన రెండు మూడు రోజుల తరువాత పెట్టుకుంటే జీతం ఒకరోజు ఆలస్యమైనా నష్టం ఉండదు. ఏర్పాటును పన్నెండు నెలలకే పెట్టి, ఇంక్రిమెంటు వచ్చే నెలలో ముగిసేలా చూసుకుంటే కొత్త జీతానికి తగినట్టు మొత్తాన్ని మళ్ళీ నిర్ణయించుకోవచ్చు. బోనస్ మీది భాగాన్ని ఇందులో కలపకుండా విడిగా పంపండి. వారం కూలి మీద బ్రతికే భవన నిర్మాణ కార్మికులకు, రోజూ రాబడి మారే క్యాబ్ డ్రైవర్లకు ఈ పద్ధతి సరిపడదు. వారు సంచిలో వేసే కానుకే వారికి సరైన పద్ధతి, పెద్దలు ఈ ఏర్పాటును ప్రకటించేటప్పుడు ఆ మాట కూడా చెప్పాలి.

వివరాలు వ్రాసే గడిని ఖాళీగా వదలకండి. కోశాధికారి ముందున్న బ్యాంకు స్టేట్‌మెంటును ఒకసారి ఊహించుకోండి: మూడో తేదీ కింద సునీత పేరుతో మూడు వరుసలు, మూడూ రెండేసి వేలు. అందులో ఒకటి దశమభాగం, ఒకటి భవన నిధికి, మరొకటి కోత పండుగ మొక్కుబడి. ఏది ఏ సునీతమ్మగారిదో తేల్చడానికి ఆయన ముగ్గురికీ ఫోను చేయాలి. సభ్యత్వ సంఖ్య, నిధి పేరు ఇంగ్లీషు అక్షరాలలో, గుర్తులేవీ లేకుండా కుదించి వ్రాస్తే ఆ శ్రమ తప్పుతుంది. ఊరి సంఘానికి కూడా పంపేవారు రెండింటికీ రెండు వేర్వేరు ఏర్పాట్లు పెట్టుకోవాలి.

కానుకల సంచి తమ వరుసకు వచ్చినప్పుడు చేతులు ముడుచుకొని కూర్చోవలసి వస్తుందని కొందరు సంకోచిస్తారు. బ్యాంకు ద్వారా ఇచ్చినట్టు తెలిపే చిన్న కార్డులను పెద్దలు ముద్రించి ఇస్తే వాటిని సంచిలో వేయవచ్చు. పిల్లల చేతికి మాత్రం నాణెమో, నోటో ఇవ్వడం మానకండి. వాళ్ళకు ఇవ్వడం అలవాటయ్యేది ఆ సంచి దగ్గరే.

ఆదాయపు పన్ను విషయంలో పెద్ద ఆశ పెట్టుకోవద్దు. 80జి పేరుతో తెలిసిన విరాళాల పన్ను మినహాయింపు ఆ ధ్రువీకరణ ఉన్న సంస్థలకు ఇచ్చిన విరాళాలకే వర్తిస్తుంది, కేవలం మతపరమైన పనికే ఏర్పడిన సంఘానికి సాధారణంగా అది ఉండదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆ మినహాయింపే లేదు. పిల్లలు విదేశాలలో ఉన్నవారు మరొకటి గమనించాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత ఆదాయం నుండి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు, భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపేది విదేశీ విరాళమే. దానిని స్వీకరించాలంటే సంఘానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి, న్యూఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. తల్లిదండ్రుల ఖాతా మీదుగా తిప్పి పంపడం దీనికి పరిష్కారం కాదు.

ఏర్పాటును ఆపాలనుకుంటే స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్‌ను నెట్ బ్యాంకింగ్‌లో, ఆటోపేను యూపీఐ యాప్‌లోని మాండేట్ల విభాగంలో, నాచ్‌ను బ్యాంకు ద్వారా రద్దు చేయవచ్చు. ఎవరి అనుమతీ అక్కరలేదు, ఓటీపీ గాని పిన్ గాని ఎవరికీ చెప్పవలసిన పనీ లేదు. బదిలీ మీద ఊరు విడిచి వెళ్ళేవారు రద్దు చేసిన సంగతిని కోశాధికారికి ఒక్క మాట చెబితే, వచ్చే నెల స్టేట్‌మెంటులో మీ వరుస కనబడకపోయినా ఆయన వెతుక్కోరు.