కబాలా సాధన మొదలుపెట్టేవారికి: పద్దెనిమిది రూపాయలు, ఒక నోటుబుక్కు, 49 రోజులు

కబాలా అంటే యూదుల మార్మిక విద్య. ఆ పేరు వినగానే చాలామంది దాని మూలగ్రంథం జోహర్ పీడీఎఫ్ దించుకుంటారు. పదో పేజీ దాటరు. తప్పు వాళ్లది కాదు. 13వ శతాబ్దం చివర్లో స్పెయిన్‌లో వెలుగులోకి వచ్చిన ఆ గ్రంథం ఎక్కువగా అరమాయిక్‌లో ఉంటుంది. బైబిల్లోని నది, చెట్టు, రాజు లాంటి మాటల్ని సెఫిరోత్‌కి, అంటే దేవుడు లోకంలో వెల్లడయ్యే పది గుణాలకి, సంకేతాలుగా వాడుకుంటూ పోతుంది. సెఫిరోత్ తెలియకుండా చదివితే ఒట్టి కథల్లా కనిపిస్తాయి. అందుకని ముందు ఆ పది పేర్లూ నోటికి రావాలి: కెతెర్, ఖొఖ్మా, బినా, ఖెసెద్, గెవురా, తిఫెరెత్, నెత్సఖ్, హోద్, యెసోద్, మల్ఖూత్. ఎక్కాల్లా ముందుకీ వెనక్కీ అప్పజెప్పగలగాలి. ప్రస్తుతానికి రెండింటి అర్థం తెలిస్తే చాలు. ఖెసెద్ అంటే ధారాళంగా ఇవ్వడం, గెవురా అంటే చెయ్యి బిగపట్టడం.

నలభై ఏళ్లు నిండనిదే ఇది ముట్టుకోకూడదన్న మాట వినే ఉంటారు. ఈ విద్యకి పెద్ద దిక్కయిన ఐజాక్ లూరియా 1534లో పుట్టి 1572లో పోయారు. అంటే ఆయనకే నలభై రాలేదు.

తర్వాత పట్టుకోవలసింది కబాలా గురువు యెహుదా అష్లాగ్ (1885–1954) చెప్పిన అతిథి ఉదాహరణ. మన ఇళ్లలో రోజూ జరిగేదే. భోజనాల వేళకి ఎవరో వస్తారు. ఆకలిగా ఉంటుంది, కానీ ఊరికే తినడానికి సిగ్గు. "ఇప్పుడే తినొచ్చానండీ" అంటారు. ఇంటావిడ బతిమాలుతుంది, కొసరి వడ్డిస్తుంది. చివరికి ఆవిడ మనసు కష్టపెట్టకూడదని తింటారు. అన్నం అదే, ఆకలి అదే, కానీ తీసుకోవడం ఇప్పుడు ఇవ్వడమైంది. వద్దని ఆగిన ఆ అడ్డుని మసాఖ్ అంటారు, తెర అన్నమాట. ఈ మలుపు మనలో ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో గమనించడమే అసలు సాధన.

గమనించడానికి వంద పేజీల నోటుబుక్కు చాలు. పేజీని మూడు గళ్లు చేయండి: ఏం ఇచ్చాను, బదులుగా ఏం ఆశించాను, ఆ సంగతి మళ్లీ ఎప్పుడు గుర్తుకొచ్చింది. బెంజి సర్కిల్ దగ్గర ఆటో అతన్ని చిల్లర ఉంచుకోమన్నారు. అతను తలెత్తి చూడలేదు. బందరు రోడ్డు పొడుగునా అదే ఆలోచన. రెండో గడిలో 'ఒక చూపు' అని రాయాలి. మొదటి వారం ఆ గడి ఖాళీగా ఉంటే మీరు నిజం రాయడం లేదు.

డబ్బు సంగతి. హీబ్రూలో అక్షరాలకి అంకెలుంటాయి. జీవం అనే మాటకి 18 వస్తుంది, అందుకే చాలామంది యూదులు దానం 18 చొప్పున ఇస్తారు. ఆదివారం నుంచి శుక్రవారం దాకా రోజూ 18 రూపాయలు ఒక స్టీలు డబ్బాలో వేయండి: ఒక పది బిళ్ల, ఒక అయిదు, ఒక రెండు, ఒక రూపాయి. శుక్రవారం పొద్దుగూకే లోపే వేయాలి. అప్పటినుంచి శనివారం రాత్రి దాకా యూదుల విశ్రాంతి దినం, శబ్బాతు; అందులో డబ్బు ముట్టరు. వారానికి 108 అవుతుంది, మురిసిపోకండి. చిల్లర దొరకదని ఫోన్లో పంపితే కుదరదా? సాధనకి కుదరదు. బిళ్ల యోద్ అక్షరం, ఇచ్చే చేతి అయిదు వేళ్లు హే, చాచిన చెయ్యి వావ్, అందుకునే అయిదు వేళ్లు మళ్లీ హే. ఈ నాలుగు హీబ్రూ అక్షరాలు కలిస్తే దేవుని నామం, వాటి అంకెలు 10, 5, 6, 5 కలిస్తే 26. అవతలి చెయ్యి లేకుండా అది పూర్తికాదు.

డబ్బా ఎక్కడికి పోవాలన్నదానికి యూదుల ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడిస్ (1138–1204) దానానికి చెప్పిన ఎనిమిది మెట్లు చూడండి. ఆయన కబాలిస్టు కాదు గానీ కొలత మంచిది. అన్నిటికన్నా కింది మెట్టు గొణుక్కుంటూ ఇవ్వడం. పై నుంచి రెండోది, ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ ఒకరికొకరు తెలియకపోవడం. ఏడు వారాలకి 756 రూపాయలు వస్తాయి. బస్టాండు దగ్గర తెలిసిన టిఫిన్ బండి ఆయనకి ముందే ఇచ్చి, అడిగినవాళ్లకి పెట్టమనండి. ప్లేటు 40 అనుకుంటే 18 ప్లేట్లు, 36 రూపాయలు మిగులు. ఎవరు తిన్నారని అడక్కండి. పై మెట్టు ఇంకా కష్టం: మనిషి మళ్లీ చెయ్యి చాచనక్కర్లేకుండా నిలబెట్టడం. గుంటూరులో మిర్చి తొడిమలు తీసి బతికే ఆవిడకి కుట్టుమిషను బాగుచేయించుకోవడానికి వడ్డీలేని చేబదులు ఇవ్వడం ఈ మెట్టుకి చెందుతుంది.

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. మొదటి వారం ఉత్సాహంలో రెండు వేలు పంచి, మూడో వారానికి డబ్బా ఊసే ఎత్తరు. సంప్రదాయం చెప్పే కొలత పదో వంతు, ఎంత మనసైనా అయిదో వంతు దాటకూడదు. నెలకి 20,000 వస్తే 2,000, మహా అయితే 4,000. ఈ గీతే గెవురా. అప్పు చేసి ఇచ్చే దానం ఇంట్లోవాళ్ల మీద రుద్దిన భారం.

49 రోజులు ఎందుకంటే, పస్కా పండుగ రెండో రాత్రి నుంచి వారాల పండుగ దాకా యూదులు ఒక్కో రోజూ లెక్కపెడతారు. ఓమెర్ అనే ఆ లెక్క 49 రోజులే. ఏడు వారాలకి ఖెసెద్ నుంచి మల్ఖూత్ దాకా ఏడు సెఫిరోత్, ప్రతి వారంలో ఏడు రోజులకీ మళ్లీ అవే ఏడు. మొదటి రోజు ఖెసెద్‌లో ఖెసెద్, రెండోది ఖెసెద్‌లో గెవురా, ఎనిమిదోది గెవురాలో ఖెసెద్. 33వ రోజు హోద్‌లో హోద్ రావాలి, రాకపోతే ఎక్కడో తప్పారు. చీకటి పడ్డాక లెక్కపెడతారు. ఏప్రిల్లో విజయవాడలో రాత్రి ఏడు దాటాక చూసుకోవచ్చు. ఒక రాత్రి మర్చిపోతే తెల్లారాక లెక్కపెట్టి ముందుకు సాగండి. లెక్కకి ముందు యూదులు చదివే ఆశీర్వచనం యూదులు కానివాళ్లు చదవనక్కర్లేదు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అనే తెలుగు యూదుల ప్రార్థనామందిరం ఉంది. వెళ్లాలనిపిస్తే ముందుగా కబురు చేసి వెళ్లండి. శబ్బాతు రోజున డబ్బు చేతిలో పెట్టబోవడం, ఫోటోలు తీయడం వద్దు. అది వాళ్ల ఆరాధన స్థలం, కబాలా కోచింగ్ సెంటర్ కాదు.

కబాలా పేరు చెప్పి అమ్మే ఎర్రదారాలు వేలకి వేలు పెట్టి కొనకండి. సెఫిరోత్‌ని షట్చక్రాలతో కలిపే ముచ్చట కనీసం ఈ ఏడు వారాలు వాయిదా వేయండి. పోలిక దొరికిన క్షణాన అర్థమైపోయిందనిపించి పుస్తకం మూతపడుతుంది.

వీలైతే ఇద్దరుగా చదవండి. వారానికి రెండుసార్లు, నలభై నిమిషాలు చాలు. ఒకరు గట్టిగా చదవాలి, రెండోవారు అడ్డుతగలాలి. పుణ్యం మాటెత్తితే "ఎవరికి?" అని అడగాలి. నోటుబుక్కులు మాత్రం ఒకరిది ఒకరు చూడకూడదు. చూస్తారని తెలిస్తే రెండో గడి మళ్లీ ఖాళీ అయిపోతుంది.