గురక మధ్యలో ఊపిరి ఆగుతుంటే ఏం చెయ్యాలి
ఇంట్లో ఎవరైనా గట్టిగా గురక పెడుతూ సడెన్‌గా సైలెంట్ అయిపోయి, 10 సెకన్లకి పైగా ఊపిరి ఆగి, మళ్ళీ ఉక్కిరిబిక్కిరై లేస్తుంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. మా నాన్నకి అచ్చం ఇలాగే ఉండేది, మేమేమో గాఢనిద్ర అనుకునేవాళ్ళం. ముందు రాత్రిపూట ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి, పొద్దున్నే తలనొప్పి, పగలు కూర్చున్నచోటే కునుకు, కంట్రోల్ కాని బీపీ ఉంటే అవీ చెప్పండి. ఈఎన్‌టీ గానీ పల్మనాలజిస్ట్ (ఊపిరితిత్తుల డాక్టర్) గానీ స్లీప్ స్టడీ (నిద్రలో శ్వాస ఎలా ఉందో చూసే పరీక్ష) రాస్తారు, అందులో శ్వాస ఆగడం, తగ్గడం గంటకి 5 లోపైతే నార్మల్, 30 దాటితే సీరియస్. అప్పుడు సాధారణంగా సీప్యాప్ మెషీన్ (మాస్క్ ద్వారా గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసేది) పెట్టుకోమంటారు. మాస్క్ మొదట్లో చిరాగ్గానే ఉంటుంది, సైజు సరిచూసుకుని పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుంటే మెల్లగా అలవాటవుతుంది, దయచేసి మానెయ్యకండి. బరువు తగ్గాలి, పక్కకి తిరిగి పడుకోవాలి, రాత్రి మద్యం వద్దు, డాక్టర్‌ని అడక్కుండా నిద్రమాత్రలు అసలే వద్దు. కునుకు వస్తుంటే బండి నడపకండి.