వాడిన ట్రక్కు కొంటున్నారా? ఇంజిన్ గంటలు కూడా చూడండి
అమెరికాలో సెకండ్‌హ్యాండ్ ట్రక్కు కొనేటప్పుడు ఓడోమీటర్ ఒక్కటే చూసి బేరానికి దిగకండి. మొత్తం మైళ్లను ఇంజిన్ గంటలతో, అంటే ఇంజిన్ ఇప్పటిదాకా ఎన్ని గంటలు ఆన్‌లో ఉందో ఆ లెక్కతో, భాగించండి. 5 లక్షల మైళ్లకు 10 వేల గంటలుంటే సగటు వేగం గంటకు 50 మైళ్లు. అంటే బండి ఎక్కువగా హైవే మీదే తిరిగింది. అవే మైళ్లకు 20 వేల గంటలుంటే సగటు 25కి పడిపోతుంది. రాత్రుళ్లు డ్రైవర్ క్యాబిన్‌లో పడుకుని ఏసీ కోసమో, హీటర్ కోసమో ఇంజిన్ ఆన్‌లోనే ఉంచితే ఇలా అవుతుంది. నిలబడి ఉన్న బండి ఇంజిన్‌కు సరైన వేడి అందదు. మసి పేరుకుని డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తొందరగా మూసుకుపోతుంది, దాన్ని మార్చాలంటే వేల డాలర్లు. పైగా గంటకు దాదాపు 0.8 గ్యాలన్ డీజిల్ వృథా.

సగటు తక్కువుందని వెంటనే వద్దనుకోకండి, సిటీలో సరుకు దింపే బండికి ట్రాఫిక్ వల్ల కూడా అలా రావచ్చు. అందుకే ఈసీఎం (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) రిపోర్టు అడగండి. ఐడ్లింగ్ గంటలు, అంటే బండి కదలకుండా ఇంజిన్ ఆన్‌లో ఉన్న గంటలు, అందులో విడిగా కనిపిస్తాయి. అది చూపించడానికి అమ్మేవాళ్లు నసిగితే, నేనైతే ఆ బండి జోలికి పోను. ఈసీఎం ఎప్పుడైనా మార్చారా అని కూడా అడగండి, మార్చి ఉంటే గంటల లెక్క మళ్లీ మొదటినుంచి మొదలై ఉండొచ్చు.