టెన్సైల్ రూఫ్ కింద మాడు కాలుతోందా?

సమస్య: రోహిణి కార్తె మధ్యాహ్నం, టెన్సైల్ రూఫ్ (బిగించి కట్టిన గుడ్డ కప్పు) వేసిన ఫంక్షన్ హాల్లో నీడనే ఉన్నాం, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, అయినా మాడు చుర్రుమంటోంది.

ముందు ఒక అట్టముక్క తలకు పైన అడ్డం పెట్టి చూడండి. వెంటనే హాయిగా అనిపిస్తే తప్పు గాలిది కాదు, కప్పుది. పీవీసీ పూత వేసిన పాలిస్టర్ గుడ్డ మందం ఇంచుమించు ఒక మిల్లీమీటరు. కొత్త తెల్ల గుడ్డ ఎండలో ఎక్కువ భాగాన్ని వెనక్కి కొడుతుంది. మిగిలినదాంట్లో కొంత వెలుతురుగా దిగుతుంది, కొంత గుడ్డే పీల్చుకుని కాలి, ఆ వేడిని మన నెత్తిన వెదజల్లుతుంది. దాన్ని ఫ్యాన్ ఆపలేదు. ఇంకో నాలుగు ఫ్యాన్లు పెట్టించమని అందరూ చెబుతారు. నేనైతే ఆ డబ్బు రెండో పొరకు దాచమంటాను.

కింద మరో పొర, రెండింటి మధ్య గాలి ఆడే ఖాళీ, శిఖరం దగ్గర వేడి గాలి పోయే దారి: అసలు మందు ఇదే. శిఖరం తెరిస్తే అక్టోబరు, నవంబరు వానలకు పైన టోపీ ఉండాలి. మనది తుపాను తీరం. గుడ్డకు ఏది తగిలించాలన్నా, ఎక్కడ కోయాలన్నా స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క చూశాకే. పక్కల్లో తూర్పు తెరిచి ఉంచితే సముద్రపు గాలి అందుతుంది. వడగాడ్పు రోజుల్లో పడమటి తెర దించండి.

సమస్య: మొదటి ఏడాది బాగానే ఉంది, ఇప్పుడు వేడి.

దుమ్ము. చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపైతే చెప్పక్కర్లేదు. ఒక మూల తడిగుడ్డతో తుడిస్తే తేడా కంటికే తెలుస్తుంది. తేలికపాటి సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు, బ్లీచింగ్ వద్దు.

సమస్య: ఏసీలు పెట్టినా చల్లబడదు.

ఒంటి పొర గుడ్డ వేడిని ఆపడంలో ఒంటి అద్దం కిటికీతో సమానం. హాలంతా ఏసీ అనే ఆలోచన మానుకోండి. లోపల ఒక గది కట్టి, దానికి ఇన్సులేషన్ ఉన్న సీలింగ్ వేసి, అక్కడే ఏసీ పెట్టండి. 1981లో మొదలైన, సౌదీలోని జెడ్డా విమానాశ్రయంలో హజ్ యాత్రికుల కోసం కట్టిన హజ్ టెర్మినల్‌లో కూడా గుడ్డ గుడారాల పక్కలు తెరిచే ఉంచారు.

సమస్య: చలికాలం తెల్లవారుజామున వాన లేకుండానే చుక్కలు.

అతుకులు వెతక్కండి. నిర్మలమైన రాత్రి గుడ్డ తన వేడిని ఆకాశానికి వదిలేసి చుట్టూ గాలికన్నా చల్లబడుతుంది, తేమ దానికే అంటుకుంటుంది. భోజనాలయ్యాక నేల కడిగి తెరలన్నీ దించేస్తే ఇంకా ఎక్కువ. తెరలు కాస్త ఎత్తి, రెండు ఫ్యాన్లు నెమ్మదిగా తిరగనివ్వండి.