నెమో తెరవగానే మూసుకుపోతోందా? ముందు ఏ ఫోల్డర్‌లోనో చూడండి

సమస్య: లినక్స్ మింట్ ఆపరేటింగ్ సిస్టంలో ఫోల్డర్ తెరవగానే, ఫోల్డర్లని చూపించే ప్రోగ్రాం నెమో విండో ఒక్క క్షణం కనబడి మాయమైపోతుంది. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు.

చాలామంది వెంటనే నెమోని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు, అదీ కుదరకపోతే ఏకంగా మింట్ మొత్తాన్నే. అన్ని ఫోల్డర్లలోనూ ఇలాగే అవుతోందా, ఒక్కదాంట్లోనేనా అని మాత్రం చూడరు. అర నిమిషం పని, దయచేసి చూడండి.

అన్నిచోట్లా అవుతుంటే టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) డీఎఫ్ -హెచ్ కొట్టి డిస్క్ నిండిందేమో చూడండి. తర్వాత నెమో -క్యూ (నడుస్తున్న నెమోని ఆపేస్తుంది), ఆ వెంటనే ఉత్త నెమో (మళ్లీ తెరుస్తుంది). మొదటిది మర్చిపోతే పాత ప్రాసెస్సే వెనకాల నడుస్తూ కొత్త విండోని కూడా తనే తెరుస్తుంది, టెర్మినల్‌లో మీకు ఒక్క ముక్కా కనబడదు. టెర్మినల్‌లో వచ్చే మెసేజ్‌లలో ప్లగిన్ (నెమోకి తగిలించిన అదనపు ప్రోగ్రాం) పేరేదైనా ఉంటే ఎడిట్ మెనూలోని ప్లగిన్స్‌లో దాని టిక్ తీసేయండి.

ఒక్క ఫోల్డర్‌లోనే అవుతుంటే అనుమానించాల్సింది అందులోని ఏదో ఒక ఫైలుని. కాపీ అవుతుండగా పెన్‌డ్రైవ్ లాగేస్తే పాడైన ఫొటోలు మిగులుతాయి కదా, మామూలుగా వాటితో ప్రమాదం లేదు, థంబ్‌నెయిల్ (ఫైలు మీద కనబడే చిన్న బొమ్మ) రాదంతే. నెమో 'ఇది కుదరలేదు' అని క్యాష్‌లోని (తయారైన థంబ్‌నెయిల్స్ దాచుకునే చోటు) ఫెయిల్ ఫోల్డర్‌లో గుర్తు పెట్టుకుని మళ్లీ దాని జోలికి పోదు. కానీ ఫొటోని విప్పడానికి నెమో వాడుకునే కోడే (లైబ్రరీ) మధ్యలో క్రాష్ అయితే దాంతోపాటు నెమో కూడా పోతుంది, ఆ గుర్తు రాసుకునే టైమే ఉండదు. అందుకే తెరిచిన ప్రతిసారీ అదే ఫైలు, అదే క్రాష్. నెమోని రీఇన్‌స్టాల్ చేసినా ఫైలు మీ హోమ్ ఫోల్డర్‌లోనే ఉంటుంది కాబట్టి లాభం లేదు, థంబ్‌నెయిల్ క్యాష్ ఖాళీ చేసినా అంతే. 'ఫోల్డర్ పేరు మార్చాక మొదలైంది' అనేవాళ్ల సంగతీ చాలావరకు ఇదే: థంబ్‌నెయిల్ పేరు ఫైలు పూర్తి పాత్ (ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే అడ్రస్) నుంచి వస్తుంది, పాత్ మారితే అన్నీ మళ్లీ తయారవ్వాలి, అప్పుడే పాడైన ఫైలు తగులుతుంది.

పరిష్కారం: నెమోని వేరే ఫోల్డర్‌లో తెరిచి, ప్రిఫరెన్సెస్‌లో ప్రివ్యూకి వెళ్లి థంబ్‌నెయిల్స్‌ని 'నెవర్' చేయండి. ఇప్పుడు ఆ ఫోల్డర్ తెరుచుకుంటే దొంగ దొరికినట్టే. టెర్మినల్‌లో ఆ ఫోల్డర్‌కి వెళ్లి 'ఫైల్ *' కొట్టండి, పేరు చివర జేపీజీ అని ఉండి పక్కన ఉత్త 'డేటా' అని వస్తే దాన్ని బయటికి తీయండి. అలా తేలకపోతే సగం ఫైళ్లు వేరే ఫోల్డర్‌లోకి జరిపి, థంబ్‌నెయిల్స్ ఆన్ చేసి, ఏ సగం తెరిస్తే నెమో పడిపోతోందో దాన్ని మళ్లీ సగం చేయండి. 1000 ఫొటోలున్నా 10 సార్లలో తేలిపోతుంది.

విండో మూసుకోకుండా బిగుసుకుపోతే అది క్రాషే కాదు, ఆగిపోయిన నెట్‌వర్క్ షేర్ (వేరే కంప్యూటర్‌లోంచి వచ్చే ఫోల్డర్) ఏదో మౌంట్ అయి, అంటే మీ సిస్టమ్‌కి తగిలించి ఉండొచ్చు, దాన్ని అన్‌మౌంట్ చేయండి. ర్యామ్ పాడైతే బ్రౌజర్ లాంటివి కూడా పడిపోతుంటాయి, నెమో ఒక్కటే పడిపోతుంటే ర్యామ్ గురించి టెన్షన్ వద్దు.