ఆఫీసు నుంచే ఇంట్లో కంప్యూటర్ ఆన్ చేయాలంటే

గాజువాకలో ఇల్లు, మధురవాడలో పని. కావలసిన ఫైలేమో ఎప్పుడూ ఇంట్లో డెస్క్‌టాప్‌లోనే ఉండిపోతుంది. అమ్మకి ఫోన్ చేసి "ఆ నల్ల డబ్బా మీద గుండ్రటి బటన్ నొక్కమ్మా" అంటే, మానిటర్ బటన్ నొక్కి "లైటు వెలిగిందిరా" అనేది. ఆ గొడవ పడలేక రోజంతా ఆన్‌లోనే వదిలేసేవాణ్ణి.

ఇప్పుడు మూలన పడున్న రాస్‌ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) ఒకటి రౌటర్‌కి కేబుల్‌తో కలిపి, డాకర్‌లో (ప్రోగ్రామ్‌లని విడివిడిగా నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌స్నాప్ వేశాను, ఇంటి నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లని ఆన్ చేసే ప్రోగ్రామ్ అది. ఉచితమే. డాకర్ సెట్టింగులు రాసే కంపోజ్ ఫైల్లో నెట్‌వర్క్ మోడ్ 'హోస్ట్' అని ఉండాలి, లేకపోతే కంప్యూటర్‌ని నిద్రలేపే ప్యాకెట్ (నెట్‌వర్క్ సందేశం) డాకర్ దాటి బయటికి రాదు. డెస్క్‌టాప్ బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) వేక్ ఆన్ లాన్, అంటే నెట్‌వర్క్ సందేశంతో ఆన్ అయ్యే ఆప్షన్, ఆన్ చేసి, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (పూర్తిగా షట్‌డౌన్ కానివ్వని సెట్టింగ్) తీసేయాలి. నాకు ఒక సాయంత్రమంతా పోయింది ఇక్కడే. తర్వాత బ్రౌజర్‌లో రాస్‌ప్‌బెర్రీ ఐపీ, పోర్టు 8090 తెరిచి, డెస్క్‌టాప్ ఐపీ, మ్యాక్ అడ్రస్ (దాని నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) ఇస్తే చాలు, అక్కడి బటన్ నొక్కితే ఆన్ అవుతుంది. బయట నుంచి వాడటానికి ఫోన్‌లోనూ రాస్‌ప్‌బెర్రీలోనూ టెయిల్‌స్కేల్ (మన పరికరాలని ఇంటర్నెట్ మీద ఒకే సొంత నెట్‌వర్క్‌గా కలిపే యాప్) వేసుకోండి. రౌటర్‌లో పోర్టు మాత్రం తెరవొద్దు.

డెస్క్‌టాప్‌కి లాన్ కేబుల్ ఉండాలి, వైఫై మీద చాలావాటికి పనిచేయదు. గోడ స్విచ్ ఆపేస్తే ఎంత నొక్కినా లేవదు. కరెంటు పోయి వచ్చాక కొన్ని మదర్‌బోర్డులు ఒకసారి చేత్తో ఆన్ చేసేదాకా మొండికేస్తాయి. బయోస్‌లో 'కరెంటు రాగానే ఆన్' ఆప్షన్ ఉంటే పెట్టేయండి. లేదంటే మళ్లీ అమ్మకే ఫోన్.