పాత స్పీకర్లో క్రాసోవర్ కెపాసిటర్లు మార్చే ముందు

క్రాసోవర్ అంటే పెట్టె లోపల బేస్‌ను వూఫర్‌కు (పెద్ద స్పీకర్), ట్రెబుల్‌ను ట్వీటర్‌కు (చిన్న స్పీకర్) విడదీసి పంపే బోర్డు. యాంప్లిఫయర్ ఆపి, స్పీకర్ వైర్లు పీకేశాకే పెట్టె ముట్టుకోండి. దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి వూఫర్ స్క్రూలు విప్పుతున్నంతసేపూ రెండో అరచెయ్యి కోన్‌కు అడ్డంగా ఉండాలి. అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ను లాక్కుందంటే కాగితం కోన్‌కు చిల్లే.

వైర్లు ఊడదీయకముందే ఫోటో. ఏ రంగు ఏ కొనకో టేపు మీద రాసి అంటించండి.

కెపాసిటర్ ఒక కాలు బోర్డు నుంచి లేపకుండా మీటరు పెడితే ఆ అంకె నమ్మొద్దు, బోర్డు మీది కాయిల్ (తీగ చుట్ట) కూడా కొలతలో కలుస్తుంది.

అసలు పొరపాటు కొనేటప్పుడే. చెన్నై రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారులో ఉత్తినే "4.7 మైక్రోఫారడ్" అంటే ప్లస్-మైనస్ ఉన్న మామూలు ఎలక్ట్రోలైటిక్ రావచ్చు, అది ఇక్కడ పనికిరాదు. "నాన్‌పోలార్ (ప్లస్-మైనస్ లేనిది), 100 వోల్టులు" అని నొక్కి అడగండి. పాతదాని మీద అచ్చయిన విలువే తీసుకోండి, మీటరు చూపించింది కాదు. ఎండిపోయిన కెపాసిటర్ విలువ ఎప్పుడో జారిపోయి ఉంటుంది.

ఫిల్మ్ రకం (ప్లాస్టిక్ పొరతో చేసిన) కెపాసిటర్ మన్నుతుంది గానీ లావు. బోర్డు మీద చోటు ముందే కొలుచుకోండి. ఫిల్మ్ వేశాక ట్వీటర్ కీచుమంటే కెపాసిటర్‌కు వరుసలో (సిరీస్‌లో) 0.5 నుంచి 1 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ చాలు.

కాయిళ్లను కదపొద్దు. కెపాసిటర్లు మారిస్తే రెండు స్పీకర్లకూ మార్చాలి.

మొదటిసారి సన్నటి వాల్యూమ్‌లోనే. ట్వీటర్లోంచి బేస్ వినిపిస్తే వెంటనే ఆపేయండి, కనెక్షన్ తప్పింది.